తాతయ్య అర్థం చెప్పిన ఇంగ్లీషు పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తెల్లావిడ గొంతు కాపురం ఉండేది. ఆ గొంతంటే మా నాయనమ్మకు ఒళ్ళు మంట.

మేముండే సింగపూర్‌లో నేవీ బేస్ ఖాళీ చేసి బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోతున్న రోజులవి. అక్కడ పనిచేసే మా తాతయ్య ఒక రికార్డు ప్లేయరూ, దాంతోపాటు ఒకే ఒక్క రికార్డూ ఇంటికి తెచ్చాడు. గిటార్లు, డ్రమ్ములు, మధ్యలో వయొలిన్, వాటన్నిటి మీదుగా ఒక ఆడగొంతు. ఇంగ్లండు పల్లెల్లో పాడుకునే పాత కథల పాటలను కొత్త వాయిద్యాలతో పాడారని నాకు చాలా తర్వాత తెలిసింది. అట్ట మీద ఆవిడ జుట్టు విరబోసుకుని నిలబడి ఉండేది. ఎవరిచ్చారంటే, దొరగారింట్లో పారేస్తుంటే తెచ్చానన్నాడు తాతయ్య. పారేసే వస్తువును చొక్కాలో చుట్టి అంత పదిలంగా ఎవరు తెస్తారు? నాయనమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. నా అనుమానపు బుద్ధి ఆవిడ పోలికే.

ఆదివారం భోజనం కాగానే తాతయ్య ఆ రికార్డు పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు యెస్ సార్, నో సార్ దాటదు. అర్థం కాని పాటకు కళ్ళు చెమర్చడమేమిటి? నాయనమ్మ వంటగదిలోంచి తొంగిచూసేది, నేను తలుపు చాటునుంచి. ఒక పాట దగ్గర మాత్రం ఆయన ముల్లు మళ్ళీ వెనక్కి పెట్టేవాడు. గుట్టంతా అందులోనే ఉందని మేమిద్దరం తేల్చుకున్నాం.

ఒక ఆదివారం కింద కరంగ్ గూని వాడి హారన్ వినిపించింది. పాత సామాన్లు కొంటూ బ్లాకు బ్లాకూ తిరిగేవాడతను. నాయనమ్మ పాత పేపర్లతోపాటు ఆ రికార్డునూ మూటగట్టి గుమ్మంలో పెట్టింది.

"ఆ దొరసానో నేనో ఇయ్యాల తేలిపోవాల," అంది.

తాతయ్య ముఖం పాలిపోయింది. ఆ రికార్డు పోతే ఆయనకు ఆదివారమే లేదు. ఉంచుకుంటే నాయనమ్మ ఇక మాట్లాడదు, ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. తాతయ్య మూట విప్పి, ఆ పాటే పెట్టి, ఆ తెల్లావిడ ఏం పాడుతోందో చెబుతాను కూర్చోమన్నాడు. ఈయనకు ఇంగ్లీషు ఎప్పుడు వచ్చిందా అని నాకు నవ్వొచ్చింది.

పాట సాగుతుంటే ఒక్కొక్క చరణమే చెప్పుకొచ్చాడు. ఒకామె మొగుడు పని కోసం ఓడెక్కి సముద్రం దాటిపోయాడట. వానాకాలానికల్లా వచ్చేస్తానని ఏళ్ళు గడిపేశాడట. ఈలోగా జ్వరమొచ్చి కొడుకు పోతే, ఆమె ఒక్కతే మట్టి చేసిందట. ఆఖరికి మొగుడు తిరిగొచ్చి, చొక్కా మేకుకు తగిలించి, అన్నం పెట్టమన్నాడట.

"బిడ్డ గురించి ఏటీ అడగనేదా?" అంది నాయనమ్మ.

"అడగనేకపోనాడట. నోరు రానేదట," అన్నాడు తాతయ్య, ముల్లు వైపే చూస్తూ.

హారన్ పక్క బ్లాకుకు వెళ్ళిపోయింది. నాయనమ్మ లేచి, రికార్డు అట్టను కొంగుతో తుడిచి బీరువా మీద పెట్టింది. ఆవిడ అంత తొందరగా మెత్తబడడం నాకు మరీ అనుమానంగా తోచింది.

హైస్కూలుకు వచ్చి ఇంగ్లీషు పట్టుబడ్డాక ఆ పాటను చెవి ఒగ్గి విన్నాను. ఓడా లేదు, మొగుడూ లేడు. సంతలో గుర్రాన్ని పోగొట్టుకున్న ఒక రైతు కథ అది. తాతయ్య దొరికిపోయాడన్న సంబరంతో నాయనమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతోంది.

"నాకు తెల్దనుకున్నావేటే? ఆ మాట నాతో అనడానికి మీ తాతకి అన్నేళ్ళు పట్టింది. గుర్రవైతే ఏటి, గాడిదైతే ఏటి?" అంది, పని ఆపకుండానే. మా నాన్నకంటే ముందు పుట్టి, తాతయ్య ఒక్కడే సింగపూర్‌లో, ఆవిడ ఊళ్ళో ఉండగా పోయిన పిల్లవాడి గురించి అప్పుడు చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నేను సింగపూర్‌లోనే పుంగ్గోల్ అనే పేటలో ఉంటున్నాను. ఆ పాటలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి, ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. మనుషుల మీద అనుమానం నాకింకా పోలేదు. అబద్ధమాడితే ఇట్టే పసిగడతాను, కానీ పట్టుకున్న ప్రతిదాన్నీ బయటికి లాగడం మానేశాను. మొన్న ఆ పాట మోగుతుంటే నా మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఆ పాతకాలపు ఇంగ్లీషు దానికి అంతుబట్టదు.

"మళ్ళీ సేమ్ సాంగా, నానమ్మా? వాట్ షీ సింగింగ్ ఆ?" అంది.

నేను గుర్రం మాట ఎత్తలేదు. ఒకామె మొగుడు ఓడెక్కి సముద్రం దాటిపోయాడని మొదలుపెట్టాను.