తలకిందుల బొమ్మ

మా వీధిలో మా ఆయన్ని అందరూ "నవ్వకండి గారు" అంటారు. పాస్‌పోర్టు ఫొటోలు తీసే పని ఆయనది. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టడం, గడ్డం పట్టుకుని కాస్త కిందకి దించడం, "నవ్వకండి" అనడం, నొక్కడం. పెళ్ళయిన కొత్తలో నాతో ఏదైనా చెప్పేముందు కూడా అలాగే గడ్డం పట్టుకునేవారు. ముచ్చట కాబోలని మురిసిపోయాను. తీరా చూస్తే అలవాటట!

మా అమ్మాయి జ్వరంతో పోయింది. ఆస్పత్రికి నడిచి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు. అంతకుమించి చెప్పడానికి ఏముంది? పోయిన మర్నాడే ఈయన గోడల మీదున్న దాని ఫొటోలన్నీ దించేశారు. ఆల్బమ్‌లు, దాని ఫోను, అన్నీ ఇనప బీరువాలో పడేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత ఏడవలేదు, అరవలేదు. అన్నం పెడితే తిన్నారు, పెట్టకపోతే అడగలేదు. షాపు తీసేవారు, మూసేవారు. ఏం చెప్పినా "సరే". ఇల్లు తగలబడుతోందండీ అన్నా "సరే" అనేవారే.

నేనేమైనా తక్కువ తిన్నానా? నాకూ ఏడుపు రాదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది, పాలవాడి మీదా, పక్కింటావిడ మీదా, చివరికి కారుతున్న కుళాయి మీదా.

ఒకరోజు గిన్నెలు కడుగుతూ పిల్ల మొహం గుర్తు చేసుకుందామనుకున్నాను. జడ గుర్తొచ్చింది. "అమ్మా, నస ఆపవే" అనే గొంతు గుర్తొచ్చింది. మొహం ఎంతకీ రాదే! చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కన్నకూతురి మొహం గుర్తు రాని దాన్ని తల్లి అనాలా ఇంకేమైనా అనాలా?

ఆయన దగ్గరికెళ్ళి, "తాళంచెవి ఇవ్వండి. పిల్లని చూడ్డానికి మొహం వాచిపోయి ఉన్నాను," అన్నాను. ఈయన నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, అటూ ఇటూ పరీక్షగా చూసి, "వాపేం లేదే," అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నారు. నెత్తీ నోరూ కొట్టుకోవాలో నవ్వాలో తెలియలేదు. తాళం నేనే పగలగొట్టొచ్చు, ఇంట్లో సుత్తికి కరువా? కానీ పగలగొట్టి చూశాక ఆ మొహం ఎవరో పరాయి పిల్లదిలా అనిపిస్తే? ఆ భయంతోనే ఊరుకున్నాను.

లైబ్రరీ మేడ మీద ఆదివారం పొద్దున్న పెద్దవాళ్ళకి బొమ్మల క్లాసు అని బోర్డు పెట్టారు. వెళ్ళమని నేనే తోశాను ఆయన్ని. "సరే" అన్నారు. ఒక్కరినీ పంపితే దారిలో ఏ బెంచీ మీదో కూర్చుండిపోతారని నేనూ వెంట వెళ్ళి వెనక కూర్చునేదాన్ని.

టీచరమ్మ చిన్నదే గానీ గడుసుది. బొమ్మలు నేర్పమ్మా అంటే అడ్డదిడ్డం పనులన్నీ నేర్పేది. కాగితం వైపు చూడకుండా, పెన్సిలు ఎత్తకుండా, ఎదుటి మనిషినే చూస్తూ గీయాలట. ఈయనకి జోడీ బ్యాంకులో కాపలా ఉండే మీసాలాయన. ఒకరి మొహం ఒకరు అంతసేపు చూడాలంటే మాటలా, ఇద్దరూ మొహమాటంతో చచ్చారు. తీరా కాగితం చూస్తే మీసం వెళ్ళి నుదుటి మీద కూర్చుంది. "నయం, ముక్కు జేబులో పెట్టలేదు!" అన్నాడాయన. గదంతా పగలబడి నవ్వింది. ఈయన కాగితం మడిచి పక్కన పెట్టారు, అంతే. ఆ తర్వాత ఎడమచేత్తో గీయించింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, ఒక చేత్తో సొంత మొహం తడుముకుంటూ రెండో చేత్తో గీయించింది.

"సరైన మొహం గీసేది ఎప్పుడమ్మా?" అని సణిగాను.

"మొహం గీస్తున్నాం అనుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది పిన్నీ. అది మొహమని మర్చిపోతేనే వస్తుంది," అంది. మర్చిపోవడం ఈవిడ నాకు నేర్పాలా! ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి వారం అందర్నీ ఇంటి నుంచి ఒక ఫొటో తెమ్మంది. దాన్ని తలకిందులుగా పెట్టుకుని, బొమ్మ కూడా తలకిందులుగానే గీయాలి. తను చెప్పేదాకా ఎవరూ కాగితం తిప్పకూడదు. ఈయన జేబులోంచి చిన్న కవరు తీశారు. జనం తీసుకెళ్ళకుండా వదిలేసిన ఫొటోలు షాపులో బోలెడుంటాయి, అందులోదే అనుకున్నాను.

గడ్డంతో మొదలుపెట్టారు. పెదవి, ముక్కు, కనుబొమ్మలు, అట్టడుగున జుట్టు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఎన్నాళ్ళకో ఆ మనిషి మనసు పెట్టి ఒక పని చేస్తున్నారు. నేను ఊరుకోవచ్చుగా? దగ్గరికెళ్ళి, "ఎవరండీ ఈ పిల్ల? ఆ మూతి అలా ముడుచుకుందేం?" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు.

"ఇక తిప్పండి," అంది టీచరమ్మ. కాగితాల చప్పుడు, "అరె, భలే వచ్చిందే!" అని కేకలు. ఈయన మాత్రం తిప్పలేదు. టీచరమ్మ తనే తిప్పబోతే కాగితం మీద రెండు చేతులూ అడ్డం పెట్టేశారు.

"వద్దమ్మా. మా అమ్మాయి. ఇలా అయితేనే చూడగలుగుతున్నాను," అన్నారు.

పక్కనున్న బల్ల మీద కూలబడ్డాను. నా పిల్లని చూసి, దాని తండ్రినే, ఎవరని అడిగాను. ఇప్పుడైనా ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు.

ఇంటికి రాగానే ఆయనే ముందు గదిలో మేకు కొట్టి ఆ బొమ్మ తగిలించారు, తలకిందులుగానే. వచ్చినవాళ్ళు "తిరగేసి పెట్టారేంటండీ?" అనేవాళ్ళు. "మా గోడ, మా ఇష్టం" అనేదాన్ని. చెయ్యి చాపి తిప్పడం ఎంతసేపు? కానీ తిప్పితే అది కూడా బీరువాలోకి పోతుంది. తిప్పకపోతేనేమో నాకు గీతలే కనిపిస్తాయి, పిల్ల కనిపించదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి నేను ముందు గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను, తల గోడ వైపు పెట్టి, మెడ వెనక్కి వాల్చి.

"ఏమైందే? పడ్డావా?" అని పరుగెత్తుకొచ్చారు.

"పడలేదు. ఇలా పడుకుంటే తిన్నగా కనిపిస్తోంది. అదేనండీ. పోల్చుకున్నాను," అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వచ్చి నా పక్కన పడుకున్నారు. పైకి చూశారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచారు.

"చెవి బాగా కిందకి వచ్చింది," అన్నారు.

"వస్తే రానివ్వండి," అన్నాను. "పిల్లయితే వచ్చిందిగా."