కారు చల్లారేదాకా

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అందరికంటే గొప్పవాడు మా పెదనాయిన. ఈ మాట రోజూ ఆయనే చెప్పుకునేవాడు కాబట్టి ఎవరికీ అనుమానం ఉండేది కాదు. లింగాల ఘనపూర్‌కు దగ్గర్లోనే మా ఊరు. తెల్ల ధోతి, తెల్ల లాల్చీ, చంకలో తోలు సంచి, వెనక నలుగురు మనుషులు. ఆయన నవ్వినప్పుడు నవ్వడం, దగ్గినప్పుడు మంచినీళ్ళు తేవడం ఆ నలుగురి పని. సర్పంచ్ పదవి ఆయనకు ఎప్పుడో ఇరుకైపోయి, సమితి ప్రెసిడెంట్ కావాలన్న కోరిక పట్టుకుంది. అదే పదవికి పోటీపడుతున్న పక్క ఊరి సర్పంచ్ జీపు కొన్నాడని తెలిసిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచాడు. జీపును ఓడించాలంటే కారే కొనాలని తేల్చుకున్నాడు. ఊరికి ఒక బోరింగు వేయిస్తే గెలుస్తానేమో అన్న ఆలోచన మాత్రం ఆయన బుర్ర దరిదాపులకు రాలేదు.

కారు ఆయనకు, అమ్మాల్సిన పొలం మాది. మా నాయిన చనిపోయి అప్పటికి రెండేళ్ళు. బావి కింద ఉన్న ఒక్క మడి మా అమ్మ పేరు మీద మిగిలింది. అమ్మా నేనూ ఏడాదంతా తినేది ఆ మడి వడ్లే. పెదనాయినకు మామిడి తోట ఉంది, వానకు పండే చెలక ఉంది. వాటి జోలికి పోకుండా, ఇంటి ఇజ్జత్ కోసం ఆ మడి అమ్ముదామన్నాడు. ఇంటి ఇజ్జత్ అని ఆయన అన్నప్పుడల్లా చూపు పక్కవాళ్ళ ఆస్తి మీదే ఉండేది. అది నాకు పెద్దయ్యాక తెలిసింది.

మా ఇళ్ళల్లో అప్పట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుటపడి మాట్లాడేది కాదు. తలుపు వెనక నిలబడి, మధ్యలో ఒక పిల్లను పెట్టుకుని మాట్లాడాలి. ఆ పిల్ల నేనే. అమ్మకూ ఆయనకూ మధ్య నాలుగడుగుల దూరం ఉండేది. ఒకరి మాట ఒకరికి చక్కగా వినబడేది. అయినా అది నా నోటి నుంచి మళ్ళీ వచ్చేదాకా పెదనాయిన ఏమీ విననట్టు దూలాలు లెక్కపెడుతూ కూర్చునేవాడు. తెలంగాణ కోసం బడులన్నీ మూతపడ్డ ఏడు నేను రెండో తరగతి. ఇది జరిగింది దాని తర్వాత మూడేళ్ళకు. అంటే నాకు అన్నీ తెలుసనుకునే వయసు.

అమ్మ ఒక్క షరతు పెట్టింది. జనగామలో మా ఆయిలింజన్ బాగుచేసే మెకానిక్ చాచా కారును చూడాలి, ఆయన మంచిదంటేనే సంతకం. "నా తరఫున నా బిడ్డ పోయి చూసొస్తదని చెప్పు" అంది. నేను అదే మాట గట్టిగా చెప్పాను. పెదనాయిన ముక్కుతో నవ్వాడు. వెనక నలుగురూ ముక్కులతోనే నవ్వారు.

నాకు మాత్రం, చూపించడానికని మా వాకిట్లో తెచ్చి పెట్టిన ఆ కారు కావాలి. తెల్లగా మెరిసే ఆ కారు మాదేనని బడిలో అప్పుడే అందరికీ చెప్పేశాను. అమ్మ ఎందుకు అడ్డం పడుతోందో అర్థం కాక ఆమె మీద కోపంగా కూడా ఉంది.

కారు అమ్మడానికి పట్నం నుంచి వచ్చినవాడు నల్లద్దాలు పెట్టుకుని, సెంటు వాసన కొడుతూ ఉండేవాడు. మెకానిక్ మాట వినగానే వాడు చెంపలు వేసుకుని, ముందు దేవుడికి చూపించాలి, మనుషులకు తర్వాత చూపించొచ్చు అన్నాడు. పెదనాయిన కరిగిపోయాడు. అందరం కారెక్కి కురవి వీరభద్రస్వామి గుడికి వెళ్ళాం. కారు ముక్కుకు బంతిపూల దండ, నుదుట పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. టెంకాయ కొట్టినది పెదనాయినే. ఇంకా కొనని కారుకు పూజ చేయించిన మనిషిని నా బతుకులో ఆయన ఒక్కణ్నే చూశాను. ఒకసారి టెంకాయ కొట్టిన బండిని వెనక్కి పంపడం మా దగ్గర తలవంపుల పని. నల్లద్దాలవాడికి ఆ సంగతి బాగా తెలుసు. ఎంతో చదువుకున్నట్టు మాట్లాడే మా పెదనాయినకు, అది వాడికి తెలుసన్న సంగతి తెలియలేదు.

కురవి నుంచి ఎక్కడా ఆగకుండా జనగామ చేరాం. చాచాది రేకుల షెడ్డు. ఒళ్ళంతా నూనె మరకలు, గోళ్ళ నిండా నలుపు. నేను కొత్త లంగాకు అంటుకుంటుందని దూరంగా జరిగాను. చాచా మొదట చేతులు తుడుచుకుని, కారు మీది దండను రెండు చేతులతో జాగ్రత్తగా తీసి, శుభ్రంగా ఉన్న కుర్చీ మీద పెట్టాడు. తర్వాత బానెట్ మీద అరచేయి ఆనించి వెంటనే తీసేశాడు.

"ఉడుకుతున్నది. సల్లారినంక చూస్త పటేలా."

"వీరభద్రుని దగ్గర్నుంచి వస్తున్నం. ఇగ నువ్వు చూసేదేంది?" అన్నాడు పెదనాయిన.

"దేవుడు మిమ్మల్ని చూస్తడు. ఇంజను నేను చూసుకుంట."

అంతే, చాచా పోయి ఒక పంపుసెట్టు ముందేసుకుని కూర్చున్నాడు. నల్లద్దాలవాడు ముహూర్తం దాటిపోతుందన్నాడు. పెదనాయిన తన పలుకుబడి అంతా ఏకరువు పెట్టాడు. ఎవరెవరు తనకు నమస్తే పెడతారో చెప్పాడు. వెనక నలుగురూ అవును అవును అన్నారు. చాచా తల ఎత్తలేదు. మధ్యలో లేచి నమాజుకు వెళ్ళి వచ్చి మళ్ళీ పంపుసెట్టు ముందే కూర్చున్నాడు. ఎండ షెడ్డు దాటి రోడ్డు మీదికి జరిగేదాకా అందరం కూర్చున్నాం. ఒక గొప్ప మనిషిని ఊరికే కూర్చోబెడితే ఎంత తక్కువ మిగులుతాడో ఆ మధ్యాహ్నం చూశాను.

చల్లారిన కారు కదలనంది. తాళం తిప్పితే గురక పెట్టి ఆగిపోయింది. ఇంకోసారి తిప్పితే ఆ గురక కూడా లేదు. చివరికి వెనక నలుగురికీ మొదటిసారి నిజమైన పని దొరికింది. తోశారు. రోడ్డు చివరిదాకా తోశాక ఒక్కసారిగా భళ్ళుమని నీలం పొగ కక్కి, ఆ నలుగురి ధోతులనూ నల్లగా చేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. ఇంజనులో చిక్కటి నూనె పోసి, వేడిగా ఉన్నంతసేపు పొగ బయటికి రాకుండా చేశారని చాచా చెప్పాడు. నల్లద్దాలవాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

చాచా అంతటితో ఆపలేదు. కారు కిందికి దూరి, గేరుబాక్సుకున్న మూత విప్పి, ఒక రేకు డబ్బా మూతలో కొంచెం నూనె పట్టి తెచ్చాడు. దాన్ని పెదనాయినకు చూపించలేదు. నా ముందు పెట్టాడు.

"నేను చెప్తే పటేలుకు కోపమొస్తది. నువ్వే చూడు బిడ్డా. రెండేళ్ళ నడుమ వేసి రుద్దు."

అసహ్యంగానే వేళ్ళు ముంచాను. నూనె జారుతుందనుకుంటే గరగరలాడింది. వేళ్ళ మధ్య సన్నటి కట్టెపొట్టు. గేరు పళ్ళు అరిగిపోయి మోత వస్తుంటే, అది వినబడకుండా నూనెలో రంపపుపొట్టు కలిపి పోశారట. ఇంకొన్నాళ్ళకు మొత్తం పట్టేస్తుందని, నడి రోడ్డు మీద పట్టేస్తే లోపలున్నవాళ్ళ సంగతి దేవుడికే తెలుసని అన్నాడు. అన్నాక నా చేయి తుడవబోయి, ఎందుకో ఆగి, తుడవకుండా వదిలేశాడు.

ఇంత జరిగాక ఎవరైనా ఇంటికి బస్సులో పోతారు. మా పెదనాయిన అదే కారులో కూర్చున్నాడు. పూజ అయిపోయింది, పూజకని బయల్దేరడం ఊరంతా చూసింది, ఇప్పుడు వెనక్కిస్తే పక్క ఊరి జీపు నవ్వుతుంది. ఆయన భయమంతా దానికే. మా మడి, మా అన్నం ఆయన లెక్కలో ఎక్కడా లేవు. దారిలో నన్ను దగ్గరికి తీసుకున్నాడు. పుట్టాక అదే మొదటిసారి.

"చాచా మంచిదే అన్నడని మీ అమ్మతోటి చెప్పు. రేపటిసంది నిన్ను రోజూ బడికి కార్ల తోలిస్త. ఇంటికాడ దిగంగనే చేతులు కడుక్కో."

ఇల్లు వచ్చింది. ఆయన మనిషి నీళ్ళ చెంబుతో ఎదురొచ్చాడు. నేను చేయి లంగా మడతలో దాచుకుని లోపలికి పరుగెత్తాను. ఎందుకు దాచానో నాకే తెలియదు, ఎందుకంటే నేను చెప్పబోయేది అబద్ధమే. మా బడి ముందు ఆ తెల్లకారు ఆగడం, పిల్లలంతా చూడటం, నేను దిగడం నా కళ్ళ ముందు ఆడుతోంది. పెదనాయిన వసారాలో నిలబడి దూలాల వైపు చూస్తున్నాడు. చాచా మంచిదే అన్నడు అన్న మాట నా నాలుక మీదికి వచ్చేసింది.

అమ్మ తలుపు వెనక ఉంది. చాచా ఏమన్నాడని ఆమె అడగలేదు.

"నువ్వేం చూసినవ్ బిడ్డా?" అంది.

నోరు తెరిచాను. ఆ అబద్ధానికి బదులు చేయి బయటికి తీసి చూపించాను. అమ్మ ఆ వేళ్ళను తన వేళ్ళతో రుద్ది చూసింది. పొట్టు ఆమెకూ తగిలింది. జనగామలో జరిగిందంతా అప్పుడు ఏడుస్తూ చెప్పాను.

అమ్మ నన్ను పక్కకు జరిపింది. కొంగు సర్దుకుని, గడప దాటి, పెళ్ళయి వచ్చిన పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడింది.

"బావా, నేను సంతకం పెట్ట."

పెదనాయిన నా వైపు చూశాడు, ఆ మాటను నేను మళ్ళీ చెప్తానేమోనని. నేను చెప్పలేదు.

ఆయన మామిడి తోట అమ్మి ఆ కారే కొన్నాడు. రెండు నెలలకు అది వాకిట్లో పట్టేసింది. వర్షాలు మొదలయ్యాక మా కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి. ఎన్నికల్లో జీపు గెలిచింది. మా మడి మాకే ఉంది. దాని వడ్లు తింటూనే నేను చదువుకుని టీచరునయ్యాను.

ఈ కథ చెప్పినప్పుడల్లా నా మనవలు పెదనాయినను తలచుకుని పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఆయన దానికి తగినవాడే. కానీ ఆయన చేతకానితనం నన్ను ఎన్నడూ బాధపెట్టలేదు. గడప దగ్గర అమ్మ ముందు నోరు తెరిచిన ఆ పదేళ్ళ పిల్లే ఇప్పటికీ నాకు ఎదురవుతూ ఉంటుంది. అమ్మ ఇంకోలా అడిగి ఉంటే, ఒక కారు కోసం ఆ పిల్ల అమ్మ నోటి దగ్గరి అన్నం అమ్మేసేది.