హెచ్చరిక రేకు మీద తువ్వాల

ఈ రోజంతా గట్టు దగ్గర పొలాల్లో ఎండకు తిరిగాను. బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాల పక్కన హెచ్చరిక రేకులు బిగించడం మా కరెంటు ఆఫీసు వాళ్లు నాకు అప్పజెప్పిన పని. ‘తడి చేతులతో ముట్టవద్దు. చెప్పులు లేకుండా ముట్టవద్దు.’ రాసింది కూడా నేనే.

చివరి పొలం నర్సమ్మది. పోయిన నెల షాకు కొట్టి కాలిన ఆమె అరచేయి ఇంకా మానలేదు. రేకు మీద ఉన్నది చదివి వినిపించాను.

“ముట్టొద్దు ముట్టొద్దంటవ్ సారూ. కరెంటొచ్చే యాళ్లకు నేను మడిల ఉంట. చేతులు తడిగనే ఉంటయ్. మరి ఏం జెయ్యాలె?”

“పొడిబట్టతో తుడుచుకోవాలి.”

“గా ముచ్చట రాయకపోతివి!”

తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి, రేకు బిగించిన మేకుకే తగిలించింది. నా అక్షరాలన్నీ దాని వెనక్కి పోయాయి.

సంచిలో ఇంకా ఇరవై రేకులున్నాయి. రేపటి నుంచి రేకులొద్దు, తువ్వాలలు ఇప్పించండని అర్జీ పెడితే మా ఆఫీసులో ఎవరైనా సంతకం చేస్తారంటారా?