పాతరలో ఎనిమిది దాకా లెక్క

పాతర జొన్నల రొట్టెకు ఒక వాసన ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ అనేది. నేల లోపల గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు నింపి, బండ మూసి మట్టి కప్పే ఆ పాతరలు ఇప్పుడు అరుదు. ఎమ్మిగనూరు దగ్గర ఒక ఊళ్లో దస్తగిరి అనే రైతు సోమవారం పాతర తెరుస్తున్నాడని తెలిసి, పొద్దున ఆరింటికి కర్నూలులో బస్సెక్కాను. వెంట మా బావమరిది సురేశ్. జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాడు, బస్సులో కూడా మానడు.

ఎమ్మిగనూరుకు రెండు గంటలు. అక్కడి నుంచి రానూపోనూ ఆటోకు ఆరు వందలు. దారంతా చెవిలో జోరీగే. "గాలిలో ఆక్సిజన్ తగ్గితే మెడలో ఉండే కణాలు కనిపెట్టి మెదడుకు కబురు పెడతాయి బావా. అది ఊపిరి వేగం పెంచుతుంది, గుండెను ఉరికిస్తుంది. మన ఒళ్లే మనకు కాపలా."

మేం చేరేసరికి దస్తగిరి బండ తీసి, తాడుకు లాంతరు కట్టి లోపలికి దించుతున్నాడు. మూరెడు దిగగానే ఆరిపోయింది.

"ఈపొద్దు దిగేకి లేదప్పా. లోపల గాలి శానా చెడ్డది. రేపు దిగుదాం," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం రెండింటి బస్సు అందుకోవాలి. పన్నెండున్నర దాకా బతిమాలాను, విసుక్కున్నాను. ఆయన వేపమండలతో గాలి విసురుతూనే ఉన్నాడు తప్ప మాట మార్చలేదు. చివరికి నమాజుకు వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే సురేశ్ నడుముకు తాడు కట్టుకున్నాడు. "గాలి చాలకపోతే నాకు తెలీదా బావా? పైకి అంకెలు లెక్కపెడుతూ ఉంటాలే, బుర్ర పనిచేస్తోందని తెలుస్తుంది." నేను వద్దనలేదు. వాచీ చూసుకుని, "తొందరగా కానీ," అన్నాను. తాడు నేనూ ఆటో డ్రైవరూ పట్టుకున్నాం. ఒక చేత్తో ఫోన్‌లో వీడియో కూడా తీస్తున్నాను, నా బుద్ధికి!

జొన్నల మీద నిలబడి వాడు లెక్క మొదలుపెట్టాడు. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. కుక్కలా రొప్పుతున్నాడు, మొహంలో మాత్రం నవ్వు. "ఎలా ఉందిరా?" అంటే, "బ్రహ్మాండంగా ఉంది బావా," అన్నాడు. నేను నమ్మాను.

ఎవరు చెప్పారో, వెనక నుంచి దస్తగిరి పరుగున వచ్చి తాడు లాక్కున్నాడు. "లాగప్పా! ఏం చూస్తాండావు?"

"బాగున్నానంటున్నాడు కదా."

"లోపలుండేవాని మాట నమ్మేది యాడన్నా ఉండాదా? బాగుండానంటే ఇంకా బిర్రున లాగల్ల!"

ముగ్గురం లాగాం. పైకొచ్చేసరికి వాడి పెదాలు నీలంగా ఉన్నాయి, మెడ నిలవడం లేదు. దస్తగిరి వాణ్ణి వేపచెట్టు నీడన పడుకోబెట్టి, నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తేరుకోగానే ఆటోలో నేరుగా ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ప్రమాదం తప్పింది.

ఆసుపత్రికి వెళ్లే దారిలో వాడికి నా మీదే కోపం. "ఇరవై దాకా లెక్కపెట్టినాను. ఎందుకు లాగినారు?" వీడియో వినిపించాను. రెండుసార్లు విని, ఫోన్ నా జేబులో పెట్టేశాడు. మెడలోని కణాల కబురు అందే ఉంటుంది, అందుకే అంత ఎగశ్వాస. కానీ ఆ కబురు విని పైకి రావాల్సిన మెదడుకే గాలి లేదు. వాడి సంగతి సరే, పైన నిండా గాలి పీలుస్తున్న నా మెదడుకు ఏమైంది?

పాతర చూడాలనుకుంటే రెండు రోజులు చేతిలో ఉంచుకుని వెళ్లండి. బస్సు టైము చూసుకునేవాడి చేతికి మాత్రం తాడు ఇవ్వకండి.