లేని పాపకు రెక్కల బొమ్మ

ఇరవై ఏడేళ్ల వయసులో నేను ఒక ఆడపిల్లకు తండ్రినయ్యాను. పెళ్లి కాలేదు, ప్రేమ వ్యవహారం లేదు, ఆ మాటకొస్తే పాప కూడా లేదు. అయినా ఆ పాప పుణ్యమా అని నా పరువు బెంగళూరు ఈ చివర కె.ఆర్.పురం నుంచి ఆ చివర పీణ్య దాకా ఎలా పోయిందో చెబుతాను. నవ్వితే నాకు అభ్యంతరం లేదు. జాలిపడితేనే కష్టం.

అప్పట్లో నేను మా హేతువాద సంఘంలో నిప్పులు చెరిగే వక్తను. జాతకం అన్నవాళ్ల మీదా, వాస్తు అన్నవాళ్ల మీదా "ఆధారం చూపండి" అంటూ విరుచుకుపడేవాణ్ణి. పెళ్లి భోజనంలో పప్పు వడ్డించేవాణ్ణి కూడా ఇది పప్పేననడానికి ఆధారమేమిటని అడగగలిగేంత ఊపు మీదున్నాను. అలాంటివాడికి ఒక రహస్య వ్యసనం ఉండేది. కె.ఆర్.పురం స్టేషన్ దగ్గరి బర్గర్ల దుకాణంలో పిల్లల మీల్ కొంటే సూపర్ హీరో బొమ్మ ఒకటి ఇచ్చేవారు. మొత్తం ఆరు. వారానికొకటి చొప్పున ఐదు సంపాదించి, అల్మారాలో తర్కశాస్త్రం పుస్తకాల వెనక దాచుకున్నాను. ఇక దొరకవలసింది రెక్కలున్నవాడు. వాడు లేని ఆ వరస ముందుపన్ను ఊడిన నోరులా రోజూ నన్ను వెక్కిరించేది.

కౌంటర్లో యశోదమ్మ ఉండేది. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే స్థిరపడిన తెలుగావిడ. మొదటిరోజే "బాబుకా, పాపకా?" అని అడిగింది. "నాకే" అంటే రెండక్షరాలతో పోయేది. కానీ వెనక క్యూలో ఎనిమిది మంది ఉన్నారు.

"పాపకు" అన్నాను.

రెండోవారం అడిగింది: "ఏమప్పా, పాపను ఒక్కసారన్నా పిలుచుకొని రాకూడదా?"

"జ్వరమమ్మా."

మూడోవారం: "ఇంకా తగ్గలేదా? వాళ్లమ్మ ఏం చేస్తా ఉండాది?"

"అమ్మ లేదు" అన్నాను. ఇందులో అబద్ధమేముంది చెప్పండి, పాపే లేనప్పుడు అమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది? యశోదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని, వేయించిన బంగాళాదుంప ముక్కలు రెండింతలు పోసింది. సిగ్గుతో చచ్చిపోతూ అన్నీ తిన్నాను.

ఆరోవారం వెళ్లేసరికి రెక్కలవాడు ఆమె చేతిలో ఉన్నాడు.

"పాపకని ఎత్తిపెట్టినా. ముందు ఇది తీసుకో అప్పా. మా మారమ్మ గుడిలో మంత్రింపించి తెచ్చినా" అంటూ ఎర్రదారం తాయెత్తు బయటికి తీసింది. "ఊరికే జేబులో ఏసుకుంటే పనిచెయ్యదు. తండ్రి కళ్లకద్దుకోవల్ల. అప్పుడే బొమ్మ ఇస్తా."

రెక్కలకేసి చూశాను. తాయెత్తుకేసి చూశాను. తాయెత్తుల మీద మూడు వ్యాసాలు రాసిన చేతులతోనే దాన్ని అందుకొని, భక్తిగా కళ్లకద్దుకున్నాను. రెక్కలవాడు నా చేతికొచ్చాడు.

"ఏమోయ్, ఏమిటిది?"

వెనక్కి తిరిగితే మా సంఘం అధ్యక్షులు పరంధామయ్య గారు, కాఫీ కప్పుతో.

తాయెత్తు నాదంటే సంఘంలోంచి వెళ్లగొడతారు. బొమ్మ నాదంటే బతికున్నంత కాలం నవ్వుతారు. మిగిలింది పాప ఒక్కతే.

"మా పాపకండీ" అన్నాను.

"నీకు పెళ్లి కాలేదుగా?"

"కాలేదండీ."

తిడతారనుకున్నాను. ఆయన కప్పు పక్కన పెట్టి నన్ను కావలించుకున్నారు. "పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డను ఒంటిచేత్తో పెంచుతున్నావా? ముప్పై ఏళ్లుగా నేను ఉపన్యాసాల్లో చెబుతున్నది నువ్వు చేసి చూపించావయ్యా. ఆ దారం సంగతి క్షమించేశాను, తండ్రి మనసు కదా. ఆదివారం సభలో నీకు శాలువా కప్పుతాం. పాపను తీసుకురా. మీరూ రండమ్మా."

"వస్తా సామీ" అంది యశోదమ్మ.

ఆదివారం హాలు నిండిపోయింది. అధ్యక్షులు అరగంట నన్ను పొగిడి, పాప కోసం కుట్టించిన గులాబీరంగు గౌను పైకెత్తి చూపించి, "ఏదీ మన చిట్టితల్లి?" అన్నారు. హాలంతా నావైపు తిరిగింది. మరో అబద్ధం కోసం బుర్రంతా వెతికాను. స్టాకు అయిపోయింది.

"పాప లేదండీ. ఎప్పుడూ లేదు. బొమ్మలు నేనే దాచుకుంటున్నాను."

నవ్వు ముందు వరసలో మొదలై వెనక గోడకు తగిలి తిరిగొచ్చింది. పరంధామయ్య గారు గౌనునీ శాలువానీ మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు. యశోదమ్మ మాత్రం నవ్వలేదు. లేచి నా దగ్గరికొచ్చింది.

"అంటే ఆ బిడ్డకు జ్వరం లేదా?"

"లేదమ్మా."

"పోనీలే అప్పా. నెలరోజులుగా నాకు అన్నం సయించలే." చెయ్యి చాపింది. "బొమ్మ ఇట్లియ్యి. అది పాపకని ఎత్తిపెట్టింది."

ఆ సభలో అంతకన్నా తిరుగులేని వాదం నేనెన్నడూ వినలేదు. జేబులోంచి రెక్కలవాణ్ణి తీసిచ్చాను. దాంతోపాటు తాయెత్తూ ఇవ్వబోతే నా చేతిని వెనక్కి నెట్టింది.

"అది నువ్వే పెట్టుకో. జ్వరం పోయింది కదా, బాగా పనిచేస్తా ఉండాది."

ఈసారి అధ్యక్షులు కూడా నవ్వారు. జబ్బు లేదని నేనే ఒప్పుకున్నాక ఇక దేన్ని ఖండించను?

కనుక మా సంఘం నియమావళి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ లేని పిల్లల్ని కనను. పొరపాటున కన్నా, వాళ్లకు జ్వరం మాత్రం రానివ్వను.