బెలూన్ కట్టిన సీసా

బస్సు జక్రాన్‌పల్లి దాటగానే కిటికీలోంచి ఉడుకుతున్న పసుపు వాసన వచ్చింది. ఆ ఘాటుకు నాకెప్పుడూ సుజాత టీచర్ గుర్తుకు వస్తారు. చిన్నప్పుడు మా ఇంటి పక్క వాటాలో అద్దెకు ఉండేవారు. ఆదివారాలు వాడ పిల్లల్ని కూర్చోబెట్టి, పుస్తకం తెరవకుండా వానల గురించీ గాలుల గురించీ చెప్పేవారు. ఒకసారి ఖాళీ పచ్చడి సీసా మూతికి బెలూన్ ముక్క బిగించి, దాని మధ్యలో స్ట్రా ఒక కొసను అతికించి, రెండో కొసను సీసా అంచు దాటించారు. బయట గాలి ఒత్తిడి తగ్గితే బెలూన్ ఉబ్బుతుంది, స్ట్రా బయటి కొస కిందికి దిగుతుంది, వాన రావచ్చు. ఆ సీసాను నాకు అప్పగించారు. నలుగురిలో నోరు విప్పని పిల్లను కాబట్టే ఇచ్చారని చాలా తర్వాత అర్థమైంది.

సీసాను వంటింటి కిటికీలో పెట్టాను. మా పొలం పసుపు ఉడికి, కళ్లంలో ఆరుతున్న రోజులవి. తడిస్తే రంగు పోతుంది, ధర పడిపోతుంది. ఒక మధ్యాహ్నం స్ట్రా బాగా దిగింది. పరుగున టీచర్ దగ్గరికి వెళ్లాను.

"నాకెందుకు చెప్తున్నవ్? పసుపు మీ బాపుది. ఆయనకు చెప్పు," అన్నారు.

చెప్పాను. బాపు కొమ్ములన్నీ కుప్ప చేయించి టార్పాలిన్ కప్పించాడు. పొద్దు గూకేదాకా ఎండ కాస్తూనే ఉంది.

"ఏం పిల్లా, నీ సీసకు జరమొచ్చిందా?" అంది కూలికి వచ్చిన లచ్చవ్వ. అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు, మంచి ఎండ వృథా అయింది. సీసాను పారేద్దామనుకున్నాను.

మర్నాడు టీచర్ ఓదార్చలేదు. "నిన్న కిటికీ కాడ ఉన్నదేంది, ఇయ్యాల లేనిదేంది?" అని మాత్రం అడిగారు. నాకై నాకు తట్టేదాకా పక్కనే కూర్చున్నారు. నిన్న కిటికీ బయట పసుపు ఉడకబెట్టే పొయ్యి మండింది. ఆ సెగకు సీసాలో గాలి వేడెక్కి బెలూన్ ఉబ్బింది.

సీసాను లోపలి గదిలోకి మార్చాను. కొన్నాళ్లకు స్ట్రా మళ్ళీ దిగింది. ఈసారి చెప్పడం మరింత కష్టమైంది. అయినా కళ్లానికి వెళ్లాను.

"బాపూ, పుల్ల దిగింది. పొయ్యి సెగ గాదు, సీస లోపలి అర్రల ఉన్నది. అయినా తప్పు కావచ్చు."

లచ్చవ్వ నవ్వబోయింది. బాపు తెల్లటి ఆకాశాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"కప్పుండ్రి," అన్నాడు.

సాయంత్రానికి చినుకులు పడ్డాయి, టార్పాలిన్ మీద చప్పుడు వినబడేంత.

ఆ వేసవిలోనే టీచర్‌కు బదిలీ అయింది. ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఫలితం వింతగా కనబడితే మొదట యంత్రం చుట్టూ ఏం మారిందో చూస్తాను. మళ్ళీ చేసినా అదే వస్తే, తప్పు కావచ్చనిపించినా సరే, డాక్టర్‌కు నేనే ఫోన్ చేస్తాను.