రాణి వీపు మీద కొబ్బరి నూనె

"ఏట్రా ఇది! గుర్రం ఈపనుకున్నావా, దోసెల పెనవనుకున్నావా? అంత నూనె ఎవడైనా రాస్తాడ్రా?"

డెలానీపూర్ రోడ్డు మధ్యలో, బరాత్ మొత్తం చూస్తుండగా మా మావయ్య నన్ను తిడుతున్నాడు. పెళ్లికొడుకేమో రోడ్డు మీద కూర్చుని తలపాగా వెతుక్కుంటున్నాడు. ఆగండాగండి, మొదట్నించీ చెప్తాను.

సునామీలో పడవ పోయాక మావయ్య మళ్లీ వేటకెళ్లలేదు. ఏవేవో పనులు చేసి, చివరికి ఎవరో మా దీవి వదిలి మెయిన్‌లాండ్ వెళ్లిపోతూ అమ్మేస్తే ఓ గుర్రాన్ని కొన్నాడు. పేరు రాణి. పెళ్లిళ్లకి తిప్పుతాడు. కాలేజీ మధ్యలో మానేసిన నేను అసిస్టెంట్‌ని. అంటే గడ్డి, నీళ్లు, లద్దె.

ఈ మధ్య రాణికి మెడ పట్టేసింది. ఢోల్ వినపడితే చాలు, తల ఎగరేసి పక్కకి గెంతుతోంది. వరసగా రెండు పెళ్లిళ్లలో అదే గొడవ. మావయ్య తేల్చేశాడు. "ఈసారి కూడా గెంతిందంటే షిప్పెక్కించి చెన్నై బేరగాడికి ఇచ్చేస్తాన్రా. ఇంక నావల్ల కాదు." అన్నాడు గానీ, ఆ రోజంతా దాని మొహం చూళ్లేదు.

నేనూరుకుంటానా? ఫోన్‌లో వీడియో చూశాను. గుర్రానికి ఒళ్లు బిగుసుకుపోతే ఇంట్లోనే విప్పొచ్చంట! చెవి వెనక వేళ్లు పెట్టి, జూలు పక్కనుంచి వీపు దాకా మెల్లగా జరపాలి. ఎంత మెల్లగా అంటే, వేడి ఇడ్లీ మీద కూడా గుర్తు పడకూడదు. అది ఎక్కడ కన్నార్పితే అక్కడ చెయ్యి ఆపేసి ఊరుకోవాలి. ఊరుకోవడం! నాకు జన్మలో చేతకాని పని అదే.

అయినా చేశాను. రాణి కన్నార్పింది. పెదాలు నాక్కుంది. తర్వాత ఇంత నోరు తెరిచి ఆవలించింది చూడండీ! బిగువు వదిలిందనడానికి అదే గుర్తంట. కింద పెదవి వేలాడేసి, తల తెచ్చి నా భుజం మీద పెట్టేసింది. పాపం, ఎన్నాళ్లనుంచి మోస్తోందో ఆ నొప్పి!

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? మా ఇంట్లో కాలు బెణికినా, నడుం పట్టినా, పసిపిల్ల ఏడ్చినా ఒకటే మందు, కొబ్బరి నూనె. ఉత్త చేత్తోనే ఇంత పనైతే, నూనెతో ఎంతవ్వాలి? సీసా మొత్తం వంచేశాను, మెడ నుంచి తోక దాకా. నిగనిగలాడిపోయింది! సాయంత్రం పెళ్లికి ఆ వీపు మీదే జరీ గుడ్డ, ఆ పైన జీను.

ఢోల్ మొదలైంది. రాణి చెవి కూడా కదపలేదు. మావయ్య నా దగ్గరకొచ్చి, "మందేటైనా పెట్టావేట్రా?" అన్నాడు. నేను కాలరెగరేశాను.

ఎత్తు రోడ్డొచ్చింది. పెళ్లికొడుకు మెల్లగా ఓ పక్కకి వాలుతున్నాడు. "భయ్యా... భయ్యా, గిర్ రహా హూఁ, పట్టుకో!"

"కుఛ్ నహీ హోగా, ఏం కాదు, గట్టిగా కూర్చో!" అన్నాను. ఎక్కడ కూర్చుంటాడు? జీనుతో సహా జారిపోతున్నాడు! చూస్తుండగానే జీను పొట్ట కిందకి, ఆయన రోడ్డు మీదకి.

ఢోల్ ఆగిపోయింది. జీను పొట్ట కింద వేలాడితే ఏ గుర్రమైనా బెదిరిపోతుంది. పైగా కాళ్ల దగ్గర మనిషి! రాణి ఒక్క గిట్ట కదపలేదు. తల దించి పెళ్లికొడుకు మొహం వాసన చూసింది. తీరిగ్గా ఆవలించింది.

మావయ్య అప్పుడందుకున్నాడు తిట్లు. నోరు నన్ను తిడుతోంది, చెయ్యేమో దాని మెడ నిమురుతోంది. "ఇదెక్కడికీ ఎల్దు. ఎవల్నైనా షిప్పెక్కిస్తే నిన్నే ఎక్కిస్తాను!"

పెళ్లికొడుకు మిగతా దూరం స్కూటీ మీద వెళ్లాడు. పొద్దున్నే ఆయన అక్క ఫోన్. తిట్లకి సిద్ధపడి ఎత్తాను. "భయ్యా, తమ్ముడు నడుం పట్టేసి లేవలేకపోతున్నాడు. గుర్రానికేదో మాలిష్ చేశారంట కదా, ఓసారి వచ్చి వాడికీ చెయ్యరా?"

పక్కన కొత్త పెళ్లికూతురు కూడా ఉంటుందండీ! ఇప్పుడు నన్ను ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారు?